తిన్నగా నిలవని కొత్త ఆఫ్‌రోడ్ బండి, ఆటోనగర్ మేస్త్రీ గారి పనితనం

ఇది విజయవాడ ఆటోనగర్‌లో లారీల స్టీరింగ్, ముందు యాక్సిల్ పనులు మాత్రమే చేసే ఒక పాత షెడ్డు గురించిన సమీక్ష. నేను అక్కడికి తీసుకువెళ్లింది లారీని కాదు, కొని ఐదు నెలలు కూడా నిండని ఆఫ్‌రోడ్ వాహనాన్ని. షెడ్డు పేరు రాయవద్దని మేస్త్రీ గారే కోరారు. వస్తున్న లారీలకే చేతులు చాలడం లేదని ఆయన చెప్పారు. వాహనం తయారు చేసిన కంపెనీ పేరు, అమ్మిన షోరూమ్ పేరు నేనే రాయడం లేదు. నాది ఒక్క బండి అనుభవం. దాన్ని పట్టుకుని ఒక మోడల్ మొత్తాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే ముందువైపు రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), స్టీరింగ్ బాక్స్ ఉన్న కొత్త బండి హైవే మీద తిన్నగా నిలవక ఇబ్బంది పడుతున్నవారికి, ఆ లోపాన్ని ఏ క్రమంలో వెతకాలో తెలియడం చాలా అవసరమని నమ్మి, జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

డెలివరీ తీసుకున్న మొదటి రెండు వారాలు ఊళ్లోనే తిరిగాను కాబట్టి ఏ తేడా కనిపించలేదు. గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వేగం 70 దాటినప్పుడు మొదటిసారి గుండె గుభేలుమంది. స్టీరింగ్‌ను కదలకుండా పట్టుకున్నా బండి ముందు భాగం మెల్లగా ఒకసారి ఎడమకు, ఇంకోసారి కుడికి జరిగేది. ఎడమకు జరిగినప్పుడు సరిదిద్దుదామని కుడికి తిప్పితే మొదటి రెండు వేళ్ల వెడల్పు మేర ఏమీ జరిగేది కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా అవసరానికి మించి కుడికి పోయేది, మళ్లీ ఎడమకు తిప్పుకోవలసి వచ్చేది. పక్కనుంచి కంటైనర్ లారీ దూసుకుపోతే ఆ గాలికి బండి అరచెయ్యి వెడల్పు పక్కకు జరిగినట్టుండేది. పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని, గోదావరి మధ్యలో చుక్కాని వదులైన పడవను నడుపుతున్నవాడిలా, ఏలూరు వరకు రెండు చేతులూ బిగబట్టి నడిపాను. దిగేసరికి భుజాలు పట్టేశాయి.

ఈ లక్షణాన్ని మాటల్లో కచ్చితంగా చెప్పగలగడమే సగం పని అని ఆ తర్వాత నాకు అర్థమైంది. స్టీరింగ్ వదిలితే బండి ప్రతిసారీ ఒకే వైపుకు పోతుంటే అది లాగడం. దానికి టైరు, బ్రేకు, కాస్టర్ కోణంలో (చక్రాన్ని పక్కకు తిప్పే ఇరుసు వెనక్కి వాలే కోణం) రెండు వైపుల మధ్య తేడా, లేదా రోడ్డు వాలు కారణం కావచ్చు. మన రోడ్లు నీరు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి, మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఏ బండైనా కొద్దిగా ఎడమకు మొగ్గడం సహజమే. ఒక వేగం దగ్గర స్టీరింగ్ చక్రం గజగజలాడితే అది వణుకు. ముందుగా చూడవలసింది వీల్ బ్యాలెన్సింగ్. నా బండి ఒక వైపుకు లాగలేదు, వణకలేదు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ఎటు పోతుందో ముందుగా తెలియకుండా తేలేది. ఈ మూడింటికీ మందులు వేరు. షోరూమ్‌లో మాత్రం మూడింటికీ ఒకే మందు వేశారు, అదే చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్.

మొదటిసారి వెళ్లినప్పుడు సర్వీస్ అడ్వైజర్ నగరంలోనే 40 వేగంతో ఒక చుట్టు తిప్పి, "ఈ రకం బండ్లు ఇంతే సార్, మీరు కారుకు అలవాటుపడ్డారు, కొన్నాళ్లకు చేతికి వస్తుంది" అన్నారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే నేను నెల రోజులు ఊరుకున్నాను. రెండోసారి అలైన్‌మెంట్ చేశారు. ఆ పని తర్వాత స్టీరింగ్ చక్రం కొద్దిగా వంకరగా నిలిచిందని చెబితే, చక్రాన్ని ఊడదీసి పళ్ల మీద ఒకటి రెండు గళ్లు జరిపి నిటారుగా బిగించి ఇచ్చారు. చూపుకు బాగానే ఉంది. హైవే ఎక్కేసరికి ముందుకన్నా ఎక్కువగా తేలింది, పైగా డాష్‌బోర్డు మీద ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) దీపం వెలగడం మొదలైంది. మూడోసారి స్టీరింగ్ డ్యాంపర్ మార్చారు. డ్యాంపర్ అంటే స్టీరింగ్ రాడ్‌కు అడ్డంగా అమర్చే చిన్న షాక్ అబ్సార్బర్. అది కుదుపులను, వణుకును మింగుతుందే తప్ప, వదులైన కీలును బిగించలేదు, బండిని తిన్నగా నిలపలేదు. వణుకు ఉన్న బండికి అసలు కారణం వెతకకుండా కొత్త డ్యాంపర్ వేస్తే లోపం కొన్నాళ్లు దాగుతుంది, అంతే. వణుకే లేని నా బండికి దాన్ని ఎందుకు మార్చారో ఇప్పటికీ బాధగానే ఉంది. వారంటీలో ఉచితంగా మార్చారు నిజమే, కానీ అన్నాళ్లూ నా కుటుంబం అదే బండిలో ప్రయాణించింది.

ఇక్కడ ఆ "ఇంతే సార్" అన్న మాటలో ఎంత నిజముందో చెప్పాలి. ఇప్పటి కార్లలో దాదాపు అన్నింటిలోనూ, చాలా ఎస్‌యూవీలలోనూ ముందు చక్రాలు వేటికవి విడిగా పైకీ కిందికీ కదులుతాయి, వాటిని ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ తిప్పుతుంది. 2020లో వచ్చిన కొత్త థార్‌దీ ఇదే తీరు. మెర్సిడెస్ జి-క్లాస్ 2018లోనే ముందు రిజిడ్ యాక్సిల్‌ను వదిలేసింది. రాళ్లలో, వాగుల్లో, ఒక చక్రం గుంతలో ఉండగా రెండోది గట్టు మీద ఉండే చోట యాక్సిల్ మొత్తం ఒకే దూలంలా ఉండటం మేలని నమ్మే కంపెనీలు మాత్రం పాత తీరునే ఉంచాయి. అలాంటి యాక్సిల్‌కు సాధారణంగా స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. అందులో స్టీరింగ్ కడ్డీ చివర మరచుట్ల షాఫ్ట్, దాని మీద నట్టు, రెండింటి మధ్య గాడిలో దొర్లే ఉక్కు గోళీలు. నట్టు ముందుకూ వెనక్కూ జరిగితే దాని పళ్లు సెక్టార్ షాఫ్ట్‌ను తిప్పుతాయి, ఆ షాఫ్ట్‌కు కట్టిన డ్రాప్ ఆర్మ్ డ్రాగ్ లింక్‌ను లాగుతుంది, డ్రాగ్ లింక్ ఒక చక్రాన్ని తిప్పుతుంది, టై రాడ్ ఆ కదలికను రెండో చక్రానికి చేరవేస్తుంది. రాయి తగిలినప్పుడు దెబ్బ చేతికి రాకుండా బాక్స్ మింగేస్తుంది. దానికి మనం చెల్లించే మూల్యం ఏమిటంటే, ఇన్ని కీళ్లలో ప్రతిచోటా వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా అవన్నీ కలిసి చేతికి వచ్చేసరికి మేస్త్రీలు "ఆట" అనే వదులు తయారవుతుంది. కాబట్టి ఈ బండి కారంత చురుకుగా స్పందించదు. అది సహజం. కానీ స్పందన నెమ్మదిగా ఉండటం వేరు, బండి తన ఇష్టం వచ్చినట్టు పోవడం వేరు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని సమర్థించడం నేను అంగీకరించలేని విషయం.

ఎంత ఆట ఉండవచ్చన్నదానికి మన దేశంలో ఒక చట్టబద్ధమైన హద్దు ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 98వ నియమం ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర వదులు 30 డిగ్రీలు మించకూడదు. అంటే గడియారంలో 12 నుంచి 1 వరకు ఉన్నంత దూరం. అదే నియమం స్టీరింగ్ రాడ్ల బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలని, బోల్టులు, పిన్నులు ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలని కూడా చెబుతుంది. ఆ 30 డిగ్రీలు రోడ్డు మీద తిరిగే అన్ని రకాల వాహనాలకూ పెట్టిన ఆఖరి గీత. కొత్త బండి దాని దరిదాపుల్లోకి కూడా రాకూడదు. నేను ఇంజను ఆన్ చేసి, చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్ అంచుకు టేపు ముక్క అంటించి చూస్తే, ముందు టైరు కదలడం మొదలయ్యేసరికి ఆ టేపు సుమారు 15 డిగ్రీలు జరిగింది. చట్టం దృష్టిలో తప్పు కాదు, నా దృష్టిలో మాత్రం కొత్త బండికి అది చాలా ఎక్కువ.

ఆటోనగర్ దారి చూపింది మా మేనమామ. ఆయన ముప్ఫై ఏళ్లు లారీలు నడిపించి ఇప్పుడు నందిగామలో విశ్రాంతిగా ఉంటున్నారు. నా బండిని కోదాడ దాకా నడిపి వచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు కొన్నది కారు కాదురా, చిన్న లారీ. కార్ల వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి లారీకి వైద్యం చేయమంటే ఎట్లా?" అన్నారు. ఆలోచిస్తే ఆ మాటలో ఎంతో పస ఉంది. దూలంలాంటి ముందు యాక్సిల్, స్టీరింగ్ బాక్స్, డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్, ఇవన్నీ కార్ల షోరూమ్ కుర్రవాళ్లు శిక్షణలో ఒక పూట చదువుకున్న విషయాలు కావచ్చు; ఆటోనగర్‌లో మాత్రం తరాలుగా తిన్న అన్నం.

ఉదయం తొమ్మిదికి రమ్మన్నారు, పదిన్నరకు బండిని చూశారు. అరవై దాటిన మేస్త్రీ గారు ముందుగా పానా పట్టుకోలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచి, టైర్ల మీద అరచెయ్యి అటూ ఇటూ రాసి అరుగుదల చూసి, ఏ వేగం దగ్గర మొదలవుతుంది, గాలికి ఎక్కువవుతుందా, బ్రేకు వేస్తే మారుతుందా, ఖాళీగా ఉన్నప్పుడా, బరువు ఉన్నప్పుడా అని ఒక్కొక్కటీ అడిగారు. మూడు సార్లు షోరూమ్‌కు వెళ్లివచ్చిన నన్ను ఈ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ తర్వాత బండిని ఆటోనగర్ బయటి రోడ్డు మీద తానే నడిపి వచ్చి, "ఇది లారీ స్టీరింగేనండీ, కాస్త నాజూగ్గా చేశారంతే. ఏదో ఒకచోట జారుతోంది. ఎక్కడో చూసేదాకా దేన్నీ తిప్పొద్దు" అని కుర్రవాడితో చెప్పారు.

మొదట గాలి కొలిచారు. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ ప్రకారం ముందు టైర్లలో 26 పీఎస్‌ఐ ఉండాలి; ఉన్నది ఒకదాంట్లో 38, మరొకదాంట్లో 35. కొత్త బండ్లను ఫ్యాక్టరీ నుంచి తరలించేటప్పుడు, యార్డులో నిలిపి ఉంచేటప్పుడు టైర్లలో గాలి ఎక్కువగా ఉంచడం మామూలే. డెలివరీకి ముందు దాన్ని తగ్గించడం షోరూమ్ పని. ఎత్తుగా, తేలికగా ఉండే బండికి గాలి ఎక్కువైతే టైరు మధ్య భాగమే రోడ్డును తాకుతుంది, ప్రతి గతుకుకూ ముందు భాగం ఎగిరి పక్కకు పడుతుంది. మూడు సార్లు లిఫ్టు ఎక్కిన బండికి గాలి ఎవరూ చూడలేదన్నది నాకు తట్టుకోవడానికి కష్టమైన విషయం. నేను కూడా చూసుకోలేదన్నది అంతకన్నా కష్టమైనది. దయచేసి ఏ మెకానిక్ దగ్గరికైనా వెళ్లేముందు, టైర్లు చల్లగా ఉండగా, ఆ స్టిక్కర్ చూసి గాలి సరిచేసుకుని ఒక రోజు నడిపి చూడండి.

తర్వాత చేసిన పరీక్ష ఈ సమీక్షకు ప్రాణం. బండిని జాకీ మీద ఎత్తలేదు. చక్రాలు నేల మీదే ఉన్నాయి, ఇంజను నడుస్తోంది, కుర్రవాడు లోపల కూర్చుని స్టీరింగ్‌ను జానెడు ఎడమకు, జానెడు కుడికి నెమ్మదిగా ఊపుతున్నాడు. మేస్త్రీ గారు కింద గోనెపట్టా మీద పడుకుని ఒక్కొక్క కీలు మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. బాల్ జాయింట్‌లో ఖాళీ ఉంటే కీలుకు ఇటుపక్క ముందు కదిలి, అటుపక్క ఒక క్షణం తర్వాత కదులుతుంది. ఆ తేడా కంటికి కనిపించకపోయినా వేలికి తెలుస్తుంది. బండిని ఎత్తి చక్రాలను చేత్తో ఊపే పరీక్ష కూడా అవసరమే, కింగ్‌పిన్ (చక్రాన్ని పక్కకు తిప్పే ఇరుసు), వీల్ బేరింగుల సంగతి దానితోనే తేలుతుంది. కానీ బండి బరువు, రోడ్డు పట్టు ఉన్నప్పుడే బయటపడే లోపాలు గాలిలో ఎత్తితే దాక్కుంటాయి. డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ రెండు చివరలు అన్నీ బాగానే ఉన్నాయి. నట్లు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్నులన్నీ చోటునే ఉన్నాయని ఒక్కొక్కదాన్ని తడిమి చూశారు. ఆ తర్వాత ఆయన చెయ్యి పాన్‌హార్డ్ రాడ్ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

లారీ ముందు యాక్సిల్‌కు ఈ రాడ్ మామూలుగా ఉండదు. అక్కడ కమాను పట్టీలే యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టి ఉంచుతాయి. కాయిల్ స్ప్రింగులకు ఆ శక్తి లేదు, కాబట్టి యాక్సిల్‌ను ఛాసీకి అడ్డంగా కట్టడానికి ఒక చివర యాక్సిల్‌కు, రెండో చివర ఛాసీకి బిగించిన ఈ కడ్డీ పెడతారు. స్టీరింగ్ తిప్పినప్పుడు డ్రాగ్ లింక్ చక్రాన్ని నెడుతుంది. ఆ నెట్టుడుకు యాక్సిల్ పక్కకు జరగకుండా ఎదురు నిలబడేది పాన్‌హార్డ్ రాడ్. దాని బోల్టు వదులైతే మీరు స్టీరింగ్ తిప్పిన మొదటి కాస్త చక్రాన్ని తిప్పడానికి కాకుండా యాక్సిల్ మొత్తాన్ని పక్కకు జరపడానికి ఖర్చవుతుంది. గతుకు వచ్చినప్పుడు మీరు తిప్పకపోయినా యాక్సిల్ జరిగి, తిప్పినట్టే అవుతుంది. రెండు వేళ్ల మేర శూన్యం, ఆ తర్వాత ఒక్కసారిగా అతి స్పందన అని నేను మొదటినుంచీ చెబుతూ వచ్చిన లక్షణం సరిగ్గా ఇదే. మేస్త్రీ గారు నన్ను కూడా పట్టా మీద పడుకోబెట్టి టార్చి వేసి చూపించారు: కుర్రవాడు స్టీరింగ్ ఊపినప్పుడల్లా ఛాసీ వైపు చివర బుష్ (కీలులోని రబ్బరు తొడుగు) లోపలి గొట్టం బ్రాకెట్ మధ్యలో దారప్పోగంత కదులుతోంది, బోల్టు తల చుట్టూ పెయింటు అరిగి ఇనుము ఉంగరంలా మెరుస్తోంది. కొత్త బండి అడుగున ఆ మెరుపు కనిపిస్తే అక్కడ ఏదో రాసుకుంటున్నట్టే లెక్క. ఎవరి చేతిలో ఈ బోల్టు బిగింపు తప్పిందన్న చర్చ ఆయన పెట్టుకోలేదు.

అప్పటికప్పుడు పానా వేసి బిగించేస్తారనుకున్నాను. ఆయన బోల్టు బయటికి తీసి, బ్రాకెట్ రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పారు. ఇలా వదులుగా చాలాకాలం తిరిగితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుందని, అప్పుడు ఎంత బిగించినా నిలవదని, బ్రాకెట్ పనే చేయవలసి వస్తుందని చెప్పారు. అదృష్టవశాత్తు రంధ్రం గుండ్రంగానే ఉంది. పాత బోల్టును తిరిగి వాడటానికి ఒప్పుకోకుండా కంపెనీ బోల్టు, నట్టు తెప్పించారు. బిగించేముందు, "కంపెనీ పుస్తకంలో ఎంత టార్క్ రాశారో చూసి చెప్పండి, నా చేతి లెక్క లారీలది" అన్నారు. అంత అనుభవం ఉన్న మనిషి అలా అడగడం నాకు ఎంతో నచ్చింది. బండి పూర్తి బరువు నాలుగు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచితో బిగించారు. దీనికి కారణం ఉంది: లిఫ్టు మీద యాక్సిల్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కిందికి దింపగానే లోపలి రబ్బరు బుష్ మెలిపడి నిలుస్తుంది, అది ఎప్పుడూ యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతూ త్వరగా చిరుగుతుంది.

ఇక స్టీరింగ్ చక్రం సంగతి. బాక్స్‌లోని పళ్లు సరిగ్గా నడిమి స్థానంలో ఉన్నప్పుడు బిగువుగా, ఇరువైపులకూ పోయేకొద్దీ కాస్త వదులుగా ఉండేలా చేస్తారు. తిన్నగా పోయేటప్పుడు ఆట లేకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. చక్రం వంకరగా నిలిచినప్పుడు చేయవలసిన పని డ్రాగ్ లింక్ పొడవును సరిచేయడం. షోరూమ్‌లో చక్రాన్నే ఊడదీసి జరపడం వల్ల కంటికి నిటారుగా కనిపించింది గానీ, బండి తిన్నగా పోయేటప్పుడు బాక్స్ తన నడిమి స్థానంలో లేదు. మేస్త్రీ గారు డ్రాగ్ లింక్‌ను డ్రాప్ ఆర్మ్ నుంచి విడదీసి, చక్రం అంచుకు దారం కట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు బాక్స్ ఎన్ని చుట్లు తిరుగుతుందో నెమ్మదిగా లెక్కపెట్టి, సరిగ్గా సగం దగ్గర నిలిపి, చక్రాన్ని దాని పాత గాడిలో పెట్టించి, అప్పుడు డ్రాగ్ లింక్ పొడవును దానికి సరిపెట్టారు. బాక్స్ పైన ఆటను తగ్గించే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని పావు చుట్టు బిగించమని నేనే అడిగాను, ఇంటర్నెట్‌లో చదివిన ధైర్యంతో. ఆయన ససేమిరా అన్నారు. బాక్స్ వారంటీలో ఉందని, పైగా లోపం వేరేచోట ఉండగా ఆ స్క్రూ బిగిస్తే నడుమ దగ్గర పళ్లు పట్టేసి, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదని, అది వదులుకన్నా ప్రమాదమని చెప్పారు.

ముందు చక్రాలు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నది, అంటే టో, కొలవడానికి వారు వాడేది లారీల పద్ధతే: టైరు మీద సుద్ద పూసి, చక్రం తిప్పుతూ మేకుతో సన్నని గీత గీసి, రెండు గీతల మధ్య దూరాన్ని ముందువైపు, వెనకవైపు కొలవడం. ముందువైపు దూరం కాస్త ఎక్కువగా ఉంది, అంటే చక్రాలు బయటికి చూస్తున్నాయి. బండి తేలడానికి అదీ ఒక కారణమే. పుస్తకంలో ఉన్నట్టు లోపలికి చూసేలా టై రాడ్ సరిచేసి, "నా మాట నమ్మొద్దు, కంప్యూటర్ దగ్గర చూపించుకోండి" అని పక్క వీధిలోని అలైన్‌మెంట్ కేంద్రానికి పంపారు. అక్కడ వచ్చిన కాగితం మీద టో హద్దుల్లోనే ఉంది, కాస్టర్ రెండు వైపులా సరిగ్గా ఉంది. ఆ కాస్టర్ అంకెను భద్రపరచుకోండని మేస్త్రీ గారు ప్రత్యేకంగా చెప్పారు. ఈ బండ్లకు ఎత్తు పెంచే కిట్లు వేయించుకోవాలని చాలామంది ఉవ్విళ్లూరుతారు. ఎత్తు పెరిగేకొద్దీ యాక్సిల్ కోణం మారి కాస్టర్ తగ్గుతుంది, పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. కాస్టర్ తగ్గితే చక్రాలకు తమంతట తామే తిన్నగా నిలిచే గుణం తగ్గుతుంది. ఎత్తు పెంచి, కాస్టర్ సరిచేయించకుండా, ఆ తర్వాత స్టీరింగ్ బాగోలేదని కంపెనీని నిందించడం తగదు.

షెడ్డు లోపాలు కూడా చెప్పాలి. కూర్చోవడానికి ఒక బల్ల తప్ప ఏమీ లేదు, దుమ్ము, ఎండ. మధ్యలో ఒక లారీ అత్యవసరంగా వస్తే నా పని గంటన్నర ఆగిపోయింది. సాయంత్రం ఐదున్నర అయింది. ఈఎస్‌పీ దీపం ఆర్పడానికి, చక్రం ఎంత తిరిగిందో కొలిచే స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ను మళ్లీ సున్నా చేయడానికి వారి దగ్గర స్కానర్ లేదు, మర్నాడు వేరేచోట చేయించాను. చేతిరాత బిల్లు ఇచ్చారు, కానీ నేను అడిగితేనే. కూలి 2,800 రూపాయలు, బోల్టు, నట్టు 340, కంప్యూటర్ అలైన్‌మెంట్ విడిగా 900. షోరూమ్‌కు తిరిగిన పెట్రోలే ఇంతకన్నా ఎక్కువైంది.

మర్నాడు తెల్లవారుజామున అదే హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద 90 వరకు వెళ్లాను. స్టీరింగ్‌ను రెండు వేళ్లతో పట్టుకున్నా బండి తన లైనులో తానే పోయింది. వెనక్కి వస్తూ గుంటూరు వైపు కనకదుర్గ వారధి మీదికి కావాలనే వెళ్లాను, అక్కడ నది మీది నుంచి పక్క గాలి బలంగా కొడుతుంది. ముందు భాగం ఊగింది గానీ పక్కకు పోలేదు. తర్వాత రాజమహేంద్రవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్ వరకు నలుగురితో, సామానుతో వెళ్లివచ్చాం. మలుపులలో ఈ స్టీరింగ్ ఇప్పటికీ కారుకన్నా నిదానమే, మలుపు తిరిగాక చేత్తో కాస్త వెనక్కి తేవలసిందే. అది ఈ నిర్మాణం తీరు, దానితో నాకు తగవు లేదు. టేపు ముక్క పరీక్ష మళ్లీ చేస్తే 15 డిగ్రీలు కాస్తా 5కు తగ్గింది. ఈ పనికి అయిదుకు అయిదు ఇస్తున్నాను, వేచి ఉండే చోటుకు మాత్రం రెండే.

మీ బండి వారంటీలో ఉంటే మాత్రం మొదటి దారి షోరూమే కావాలి, నేనూ అదే చేశాను. అయితే నోటిమాటగా వదిలేయకండి. "స్టీరింగ్ బాగోలేదు" అని కాకుండా, "70 దాటాక బండి రెండు వైపులా తేలుతోంది, స్టీరింగ్‌లో ఇన్ని డిగ్రీల ఖాళీ ఉంది, ముందు యాక్సిల్ బోల్టులన్నీ టార్క్ పరీక్షించండి" అని జాబ్ కార్డు మీద మీరే రాయించండి, ఒక నకలు తీసుకోండి, సలహాదారును పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద నడపమనండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఒకే లోపం ఎన్నో బండ్లలో కనిపిస్తే కంపెనీ చేత వాటిని వెనక్కి పిలిపించే అధికారం మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 110ఎ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది. నా జాబ్ కార్డుల మీద మూడుసార్లూ "జనరల్ చెకప్" అని మాత్రమే ఉంది. ఆ కాగితాలతో నేను దేన్నీ రుజువు చేయలేకపోయేవాణ్ణి. పాత బోల్టును, అరిగిన ఉంగరం ఫోటోను షోరూమ్ మేనేజరుకు చూపించాను. తన సిబ్బందికి ఆ ఫోటో పంపుతానని ఆయన అన్నారు.

పని పూర్తయిన రోజు మేస్త్రీ గారు బోల్టు తల మీది నుంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశారు. బోల్టు ఏ మాత్రం తిరిగినా గీత రెండుగా విడిపోతుందని, 500 కిలోమీటర్ల తర్వాత తప్పక రమ్మని చెప్పారు. మారేడుమిల్లి నుంచి వచ్చిన మర్నాడు వెళ్లాను. అప్పటికి 800 దాటింది. లారీ కింద నుంచి లేచి వచ్చి, నా బండి కిందికి దూరి, టార్చి వేసి చూశారు. గీత ఒకటిగానే ఉంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, వచ్చే వానాకాలం తర్వాత ఒకసారి చూపించమన్నారు.